పేరూ ఊరూ చెప్పిన ప్రార్థన

శౌరమ్మ చెయ్యి పెద్దది. విజయవాడలో ఏలూరు కాలవ గట్టు మీది పేటలో ఆవిడ ఆ చేతిని పాతికేళ్లపాటు పిల్లల నెత్తిన పెట్టి దీవించింది. అదే చేత్తో తాగొచ్చి పెళ్లాల్ని బాదే మగవాళ్ల చెంపలు వాయించింది. రెండూ దేవుడి పనేనని ఆవిడ నమ్మకం. మిషన్ వాళ్ల కాయితాల్లో ఆవిడ ఉద్యోగం పేరు బైబిలు స్త్రీ. అంటే ఇల్లిల్లూ తిరిగి వాక్యం చదివి వినిపించాలి, పెద్దాసుపత్రిలో మంచాల పక్కన కూర్చుని ప్రార్థన చెయ్యాలి, ఆదివారం ఆరాధన అయ్యాక యవ్వనస్థుల కూటం నడపాలి. చెంపలు వాయించడం ఆ కాయితాల్లో లేదు. అది ఆవిడ సొంతంగా కలుపుకున్న పని.

పుట్టిల్లు ఆర్.సి.ఎం., అంటే రోమన్ కాథలిక్కులు, మెట్టినిల్లు బాప్తిస్టు. కాపరానికి వచ్చిన కొత్తలో పాస్టరుగారు శౌరమ్మ అనేది కాథలిక్కుల పేరు, మన సంఘంలో పెట్టరమ్మా, మార్చుకో అన్నాడట. "పేరు పెట్టింది మా నాన్నండీ, మీరు కాదు" అని ఆయన మొహం మీదే అనేసింది. మొగుడు బసవయ్య గూడ్సు షెడ్డులో బస్తాలు మోసేవాడు. మూడేళ్లు ఆవిణ్ణి గొడ్డుని బాదినట్టు బాదాడు. నాలుగో ఏట, వాడు తన్నిన తన్నుకి కడుపులో బిడ్డ పోయిన రోజున, ఆవిడ పచ్చడిబండ అందుకుని వాడి మణికట్టు విరగ్గొట్టింది. ఆ ఎముక సరిగ్గా అతుక్కోలేదు. ఇక ఆ చేత్తో బసవయ్య ఎవర్నీ కొట్టనూ లేదు, బస్తా ఎత్తనూ లేదు. వాడు పోయేదాకా తొమ్మిదేళ్లు ఆవిడే సంపాదించి అన్నం పెట్టింది. మళ్లీ పిల్లలు పుట్టలేదు. కోపం మాత్రం ఎక్కడికీ పోలేదు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, దేవుడి పనిలో చేరితే మనిషి మెత్తబడతాడనేది ఈవిడ విషయంలో ఉత్తమాట.

ఆవిడ ప్రార్థన చేస్తే కాలవ అవతల బట్టలుతికేవాళ్లకి కూడా వినపడేది. గొంతు అట్లాంటిది. పైగా ఎవరి కోసం ప్రార్థించినా పేరూ ఊరూ వీధీ వరసా అన్నీ చెప్పేది. "ప్రభువా, ఏలూరు కాలవ గట్టు, నాలుగో వరస, చింతచెట్టు దాటాక రేకుల ఇంట్లో కాపరమున్న నీ దాసురాలు వెంకటరత్నమ్మ కడుపునొప్పి" అని మొదలుపెడితే, ఆ కడుపునొప్పి ఎన్నాళ్లనుంచి, ఏం తిన్నాక, ఏ డాక్టరు ఏమన్నాడు, అన్నీ వరసగా వచ్చేవి. పేటలో ఒకళ్ల సంగతి ఇంకొకళ్లకి తెలిసేది ఆదివారం ప్రార్థనలోనే.

"దేవుడికి మా ఇల్లు తెలీదా అత్తా? అడ్రసు చెప్తన్నావు" అని వెంకటరత్నమ్మ కొడుకు సంజీవరావు ఒకసారి ఏడిపించాడు.

"ఎంప్లాయిమెంటు ఎక్స్ఛేంజీలో నువ్వు అడ్రసు రాయలేదంట్రా? అక్కడ రాత్తావు, ఇక్కడ సిగ్గొచ్చిందా?" అంది శౌరమ్మ. కూటమంతా నవ్వింది.

ఆ పేట పిల్లలకి నవ్వు తక్కువైన రోజులు అవి. డెబ్భై రెండు చివర్లో ఆంధ్ర రాష్ట్రం వేరే కావాలని ఉద్యమం లేచింది. బస్సులు తగలబడ్డాయి, లాఠీలు విరిగాయి, తుపాకులు పేలాయి, నెలల తరబడి కాలేజీలకు తాళాలు పడ్డాయి. పరీక్షలు ఎప్పుడో తెలియదు. జరిగినా ఫలితాలు ఎప్పుడో తెలియదు. స్కాలర్‌షిప్పులు ఆగాయి, హాస్టళ్లు మూసేశారు. పేట మొత్తానికి కాలేజీ మెట్లెక్కిన పిల్లలు తొమ్మిది మంది. వాళ్ల వంశాల్లో అక్షరం పట్టిన మొదటి తరం. ఏడాదంతా ఇళ్ల ముందు బిక్కమొహాలేసుకుని కూర్చున్నారు. వాళ్లందర్నీ ఆదివారం మధ్యాహ్నం గుడి వసారాలో చాప మీద కూర్చోబెట్టి, ఒక్కొక్కరి హాల్‌టికెట్టు నంబరుతో సహా దేవుడికి అప్పజెప్పేది శౌరమ్మ. ఉద్యోగం రాదేమోనని భయపడే పిల్లకి, చదువు మానేసి రిక్షా తొక్కమంటున్నారని ఏడ్చే పిల్లాడికి, తమ పేరు ఒకరు గట్టిగా పైకి చెబుతున్నారనేదే పెద్ద ధైర్యం. ఆ సంగతి నవ్వినవాళ్లకీ తెలుసు.

సంజీవరావు ఆ తొమ్మిది మందిలో చురుకైనవాడు. ఇరవై ఏళ్లు, బి.కాం. రెండో ఏడు. కాలేజీలు తెరిచాక చదువులోకి తిరిగి వెళ్లలేకపోయాడు. ఎన్నికల్లో ఒక జట్టు వెనక చేరాడు. అప్పుడు కాలేజీ ఎన్నికలంటే కాగితాలూ ఉపన్యాసాలూ కాదు, సైకిలు చైన్లూ కత్తులూ. పోటీ చేసేవాళ్లు మేడల్లో పిల్లలు, చైన్లు పట్టేవాళ్లు పేటల్లో పిల్లలు. పొద్దున్నే ఇడ్లీ పెట్టించి, భుజం మీద చెయ్యేసి "తమ్ముడూ" అంటే చాలు, ఈ పిల్లలు ప్రాణమిచ్చేస్తారు. వాళ్లకదే పెద్ద ఉద్యోగం దొరికినట్టు.

డెబ్భై నాలుగు జనవరిలో కాలేజీ గేటు దగ్గర రెండు జట్లూ తలపడ్డాయి. అవతలి జట్టులో ఎల్లారావు అనే కుర్రాడి పొట్టలో కత్తి దిగింది. వాళ్లమ్మ సన్యాసమ్మ తల మీద తట్ట పెట్టుకుని పేటలన్నీ తిరిగి చేపలమ్మేది. శౌరమ్మకి ఇరవై ఏళ్ల ఎరుక. ఆసుపత్రిలో మూడు రోజులు ఆ మంచం పక్కనే కూర్చుంది శౌరమ్మ. సన్యాసమ్మ అంకమ్మ తల్లికి మొక్కుతుంటే, ఈవిడ ఏసుప్రభువుని అడిగింది. మూడోనాడు పేగులు కుళ్లి ఆ పిల్లాడు అరుస్తూ అరుస్తూ పోయాడు. తమ్ముడు కాశీరావు గోడకేసి తల కొట్టుకుంటుంటే, నుదురు చిట్లి నెత్తురు కారుతుంటే, శౌరమ్మ వాణ్ణి రెండు చేతులా పట్టుకుని గుండెకి అదుముకుంది. వాడికి పంతొమ్మిదేళ్లు.

"ఆదివారం మా గుడికి రారా నాయనా. ఊరికే కూర్చో. ఏం చెయ్యక్కర్లా" అంది. పోతున్న పిల్లల్ని చూస్తే ఆవిడకి కడుపు తరుక్కుపోయేది.

ఆ దెబ్బలాట రోజునుంచే సంజీవరావు కనపడకుండా పోయాడు. పోలీసులు వచ్చి వెంకటరత్నమ్మని నానా మాటలూ అన్నారు, ఆవిడ మొగుణ్ణి స్టేషనుకి తీసుకుపోయి అరికాళ్లు బద్దలయ్యేటట్టు కొట్టి పంపారు. పొడిచింది సంజీవరావు కాదని అందరికీ తెలుసు. పొడిచినవాడు మేడల తాలూకు మనిషి, పది రోజుల్లో బెయిలు మీద బయటికొచ్చాడు. కాని ఎల్లారావు చేతులు వెనక్కి విరిచి పట్టుకున్నది సంజీవరావేనని ఊళ్లో మాట పుట్టింది. అటు పోలీసులూ, ఇటు అవతలి జట్టూ, ఇద్దరూ వాడి కోసమే వెతుకుతున్నారు.

నెల తిరిగాక ఒకనాడు వెంకటరత్నమ్మ వచ్చి శౌరమ్మ చెవిలో చెప్పింది. "వదినా, పిల్లోడు పామర్రులో ఉన్నాడు. కాలవ పక్కన బియ్యం మిల్లులో మా అన్న మేస్త్రీ. ఆడి దగ్గర బాయిలరు పొయ్యిలోకి ఊక ఎగదోస్తన్నాడు. తిండి తినటంలేదంట. ఆకు కదిలితే ఉలిక్కిపడతన్నాడంట. ఆడి గురించి ప్రార్థన చెయ్యి వదినా. మూడో మనిషికి తెలిస్తే నా బిడ్డని నరికేత్తారు."

"నా నోట్లోంచి వస్తే నన్ను చెప్పుతో కొట్టు" అంది శౌరమ్మ. నిజంగానే ఎవరికీ చెప్పలేదు. పాస్టరుగారు అడిగితే కూడా తెలీదంది.

ఆ ఆదివారం కూటంలో ఆవిడ మోకాళ్లూని కళ్లు మూసుకుంది. పిల్లలూ, వెనక వరసలో పెద్దవాళ్లూ, అందరూ కళ్లు మూసుకున్నారు. మొదట ఎల్లారావు తల్లికి ఓదార్పు ఇమ్మని అడిగింది. ఆ పిల్లాడి పేరు చెప్పి ఏడ్చింది. తర్వాత సంజీవరావు గుర్తొచ్చాడు. గుర్తొచ్చాక ఇక ఆగేదేముంది? ఆవిడకి ప్రార్థన చెయ్యడం ఒక్కటే తెలుసు, ఆ ఒక్క తీరే తెలుసు.

"తండ్రీ, పామర్రులో కాలవ పక్క బియ్యం మిల్లులో బాయిలరు ముందు కూర్చుని భయంతో చచ్చిపోతున్న నా బిడ్డ సంజీవరావు చుట్టూ నీ దూతల్ని కావలి పెట్టు. వాడి ప్రాణం మీదికి వచ్చే చెయ్యిని ఆపు. ఈ పిల్లల్లో ఇంకొక్కణ్ణి కూడా మట్టిలో పెట్టే రాత మాకు రాయకు తండ్రీ!"

"ఆమేన్" అన్నారందరూ. అందరికన్నా గట్టిగా అన్నది కన్నతల్లి వెంకటరత్నమ్మ. ఆమెకి కూడా తట్టలేదు, చూడండి.

శౌరమ్మ కళ్లు తెరిచేసరికి వసారా మెట్లు దిగి పోతున్న వీపు కనపడింది. తల చుట్టూ ఇంకా విప్పని కట్టు కనపడింది. కాశీరావు. 

"వాడెప్పుడొచ్చాడే?" అని టైపు నేర్చుకుంటున్న పిల్లనొకత్తిని జబ్బ పట్టి కుదిపింది.

"నువ్వు ఎల్లారావు పేరు చెప్పినప్పుడొచ్చాడత్తా. వెనక కూర్చుని ఏడుత్తా ఉన్నాడు. పామర్రు అనంగానే లేచాడు."

"అయ్యో నా నోరు మండా!" అని శౌరమ్మ నోటి మీద తనే ఫెడీమని కొట్టుకుంది. పోలీసులకి చెబుదామంటే సంజీవరావుని పట్టిచ్చినట్టవుతుంది. మిల్లుకి కబురు పంపుదామంటే కబురుకన్నా బస్సు ముందుపోతుంది. వెంకటరత్నమ్మ అప్పటికే చాప మీద పడిపోయి ఊపిరాడక కొట్టుకుంటోంది. బైబిలు సంచి భుజాన వేసుకుని, చెప్పులు కూడా తొడుక్కోకుండా, యాభైకి దగ్గర పడుతున్న ఆ మనిషి బస్టాండు దాకా పరుగెత్తింది.

పామర్రు మీదుగా పోయే బందరు బస్సు కదలబోతోంది. కాశీరావు కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు. చొక్కా కింద పొట్ట దగ్గర కాగితంలో చుట్టిన పొడుగుపాటి వస్తువేదో పెట్టుకుని రెండు చేతులూ దాని మీద వేసుకున్నాడు. శౌరమ్మ పక్కనున్న పెద్దమనిషిని "లెగవయ్యా, మావాడు" అని లేపేసి కూర్చుంది.

"ఎక్కడికిరా?"

"మీకు తెలుసుగదండీ. మీరే చెప్పారు."

"నేను నీకు చెప్పలా. దేవుడికి చెప్పాను."

"నేనూ అక్కడే కూర్చున్నానండి" అన్నాడు కాశీరావు.

  బస్సు బెంజి సర్కిల్ దాటింది, కంకిపాడు దాటింది. కోతలైన పొలాల్లో మినుము పచ్చగా ఉంది. అప్పుడు శౌరమ్మ మెల్లిగా మొదలుపెట్టింది.

"పొడిచింది వాడు కాదురా."

"ఎరుగుదునండి. పొడిచినోడు రోజూ సెంటర్లో నిలబడి సిగరెట్టు కాలుత్తన్నాడు. ఆడి చుట్టూ పది మంది ఉంటారు. నాకు దొరికేది ఈడేనండి."

"నిన్ను పంపినోళ్లెవరు?"

"అన్న తరఫువాళ్లండి. ఇంటికొచ్చి, మగపుటక పుట్టావా లేదా అన్నారు. మా అమ్మ ముందే అన్నారు."

"అంత మగాళ్లు ఈ బస్సెక్కలేదేం?"

   కాశీరావు తనలో తను అనుకుంటున్నట్టుగా అన్నాడు. "ఒక్క మాట అడుగుతానండి ఆణ్ణి. మా అన్న చేతులు పట్టుకున్నావా అని. అవునంటే పొడిచేత్తాను."

"కాదంటే?"

"తెలీదండి."

ఉయ్యూరులో బస్సు ఆగింది. చెరుకు బళ్లు దారికడ్డంగా నిలబడిపోయాయి. దిగు, వెనక్కి పోదాం రా అని శౌరమ్మ రెక్క పట్టుకు లాగింది. వాడు విదిలించుకున్నాడు. ఆవిడ కోపం నెత్తికెక్కింది. చొక్కా కిందికి చెయ్యి దూర్చి ఆ కాగితం పొట్లాన్ని ఒడిసిపట్టుకుంది. వాడు పిడి పట్టుకుని లాగాడు. చేపలు కోసే కత్తి అది, సన్యాసమ్మ రోజూ సానపట్టేది. కాగితం చిరిగి శౌరమ్మ అరచెయ్యి ఈ చివరనుంచి ఆ చివరకి తెగింది. అయినా వదల్లేదు. నెత్తురు వాడి చొక్కా మీద బొటబొటా కారింది, ఒళ్లో పడింది, మెడ మీద చిందింది. ముందు సీట్లో ఆడవాళ్లు కేకలు పెట్టారు.

కాశీరావు ఆ నెత్తురు చూశాడు. ఒక్కసారిగా పిడి వదిలేసి, కిటికీలోంచి తల బయటపెట్టి భళ్లున కక్కుకున్నాడు. కక్కుతూనే ఏడ్చాడు. "మా అన్నది కూడా ఇట్టాగే కారిందండి. తీసేసుకోండి. నావల్ల కాదండి. నాకు భయమేత్తందండి" అని వెక్కిళ్లు పెట్టాడు. శౌరమ్మ కత్తిని బైబిలు సంచిలో పడేసి, చెంగు చింపి చెయ్యి కట్టుకుని, వాడి తల తన భుజానికి ఆనించుకుంది. "శౌరమ్మగారూ, కొట్టనండి. ఏం చెయ్యనండి. ఆ ఒక్క మాటా అడిగి వచ్చేత్తాను. అడక్కపోతే నేను నిద్రపోలేనండి" అన్నాడు.

అక్కడ దిగి వెనక్కి రావలసింది. పసిపిల్లాడికైనా తెలుస్తుంది. కాని శౌరమ్మకి ఆ క్షణాన ఒళ్లు పులకరించిపోయింది. ప్రార్థన ఫలించిందనుకుంది. వచ్చే చెయ్యిని ఆపమంటే దేవుడు కళ్లెదురుగా ఆపాడు. ఇక మిగిలింది ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి ఒకరి చేతిలో ఒకరి చెయ్యి పెట్టించడమే. వచ్చే ఆదివారం సంఘం ముందు నిలబడి ఈ సాక్ష్యం ఎట్లా చెప్పాలో కూడా మనసులో అనుకుంది. ఆ సాక్ష్యం మీది యావ ఉందే, అది ఆవిడ కొంప ముంచింది. గుళ్లో పెరిగినవాళ్లు చేసే తప్పు అది.

పామర్రులో దిగి ఇద్దరూ కాలవ వెంట నడిచారు. ఎండ ఇంకా తగ్గలేదు. మిల్లు ఆవరణలో ఊక కుప్ప పక్కన సంజీవరావు ఇనప పార పట్టుకుని ఉన్నాడు. గడ్డం పెరిగి, కళ్లు లోపలికి పోయి, మసి కొట్టుకుపోయి గుర్తుపట్టేటట్టు లేడు. వాడు తలెత్తేసరికి గేటులోంచి కాశీరావు వస్తున్నాడు. చొక్కా నిండా నెత్తురు. వాడి వెనక, ఎర్రగా తడిసిన గుడ్డ చేతికి చుట్టుకుని, పాలిపోయిన మొహంతో శౌరమ్మ.

సంజీవరావుకి ఒక్కటే అర్థమైంది. అత్తని నరికి, దారి చూపించమని వెంటపెట్టుకుని, వాడు తన కోసం వచ్చాడు.

కాశీరావు రెండు చేతులూ ఎత్తి చూపిస్తూ, "సంజీవరావూ, ఒక్క మాట" అన్నాడు. పార గాల్లోకి లేచింది. మొదటి దెబ్బ చెవి మీద పడింది. కాశీరావు మోకాళ్ల మీద కూలబడ్డాడు. "ఒరే ఆగరా! వాడి దగ్గరేం లేదురా!" అని శౌరమ్మ అరుస్తూనే ఉంది. కాలవ అవతలికి కూడా వినపడే ఆ గొంతు మూడడుగుల దూరంలో ఉన్నవాడికి వినపడలేదు. రెండో దెబ్బ, మూడో దెబ్బ. పార అంచు పుర్రెలోకి దిగిన చప్పుడు ఆవిడ బతికినంతకాలం మరిచిపోలేదు. నెలరోజులుగా పేరుకున్న భయమంతా ఆ పారలోంచి దిగింది. మిల్లు జనం వచ్చి వాడి నడుం పట్టుకుని వెనక్కి లాగేదాకా ఆగలేదు. కాశీరావు శౌరమ్మ ఒళ్లో పది నిమిషాలు బతికాడు. నోట్లోంచి మాట రాలేదు, నురగ వచ్చింది. ఊక వాడి జుట్టునిండా అంటుకుంటే ఆవిడ ఒక్కొక్కటే ఏరుతూ కూర్చుంది.

బందరు కోర్టులో కేసు. సంజీవరావు తరఫు ప్లీడరు వారం ముందే వచ్చి శౌరమ్మకి నచ్చజెప్పాడు. "అమ్మా, వాడు చంపడానికే బయల్దేరాడు. కత్తి ఉంది. మీ చెయ్యి తెగింది. చొక్కా మీద నెత్తురుంది. అన్నీ కలిసొచ్చాయి. కొట్టేటప్పుడు కత్తి వాడి చేతిలో ఉందని మీరు ఒక్క ముక్క చెప్పండి. ప్రాణం కాపాడుకోవడానికి కొట్టాడని కుర్రాడు బయటపడతాడు. మిల్లువాళ్లు ఆఖర్న వచ్చారు, వాళ్లేం చూడలేదు. మొదటినుంచీ చూసింది మీరే."

వెంకటరత్నమ్మ ఆవిడ కాళ్లు చుట్టేసుకుంది. "నీ నోటిమూలానే కదా ఇదంతా! ఆ నోటితోటే ఒక్క అబద్ధం ఆడు వదినా. సచ్చినోడికి ఏం నష్టం?"

శౌరమ్మ మూడు రోజులు మెతుకు ముట్టలేదు. ప్రార్థన చేసింది. దేవుడు ఏమీ చెప్పలేదు. బైబిల్లో ఏ పేజీ తెరిచినా ఒక్క వాక్యం కూడా ఆవిడ వైపు తిరిగి చూడలేదు. ఊళ్లో పిల్లలకి పరీక్షల సంగతీ ఉద్యోగాల సంగతీ అంత ధైర్యంగా చెప్పిన మనిషి, ఎటు పోవాలో తెలియక నేల మీద పొర్లి ఏడ్చింది. సంజీవరావు మీద ప్రేమ లేక కాదు. వాడు ఆవిడ చేతుల మీదే పెరిగాడు.

బోనెక్కి నిలబడింది. ఎదురుగా సంజీవరావు, ఒక బెంచీ మీద వెంకటరత్నమ్మ, ఇంకో బెంచీ మీద ఇద్దరు కొడుకుల్నీ పోగొట్టుకున్న సన్యాసమ్మ. ప్లీడరు అడిగాడు, కొట్టేటప్పుడు కత్తి ఎక్కడుంది అని.

"నా సంచిలో ఉందండి. ఉయ్యూరులోనే నాకిచ్చేశాడు. నా చెయ్యి తెగింది నేను లాక్కుంటే తెగింది. వాడు ఏడిచాడండి. మిల్లులోకి వచ్చేటప్పటికి వాడి చేతులు ఖాళీ. ఒక్క మాట అడగడానికొచ్చాడు" అంది శౌరమ్మ.

సంజీవరావుకి యావజ్జీవం పడింది. కోర్టు వరండాలో వెంకటరత్నమ్మ చెప్పు తీసి శౌరమ్మని మొహం మీద కొట్టింది. కొట్టి, మళ్లీ కొట్టింది. మొగుడి మణికట్టు విరగ్గొట్టిన మనిషి తల వంచుకుని నిలబడి ఆ దెబ్బలన్నీ తింది. పెదవి చిట్లింది, పన్ను ఊడింది. చెయ్యి పైకి లేవలేదు.

చాలా నెలలు కూటానికి ఎవరూ రాలేదు. ఆవిడ ఒక్కతే చాప పరిచి, గంటసేపు కూర్చుని, చాప చుట్టేసి పోయేది. తర్వాత టైపు నేర్చుకున్న పిల్ల వచ్చింది, తర్వాత ఇద్దరు, ముగ్గురు. ఉద్యోగం గురించో పెళ్లి గురించో వాళ్లు చెప్పుకుంటే, శౌరమ్మ ముందు ఒక ప్రశ్న అడిగేది. "పైకి చెప్పనా, లోపల చెప్పనా?" ఎక్కువమంది లోపలే చెప్పమనేవాళ్లు.

సంజీవరావు రాజమండ్రి సెంట్రల్ జైల్లో ఉన్నాడు. శౌరమ్మ నెలనెలా వెళ్లేది. "ఖైదీ రానంటున్నాడమ్మా" అని వార్డరు చెప్పేవాడు. సరేనని బయట గోడ నీడన కూర్చుని, సాయంత్రం బండికి తిరిగొచ్చేది. ఇట్లా నాలుగేళ్లు గడిచాయి. మధ్యలో దివిసీమ ఉప్పెనొచ్చి వేలమంది పోయిన నెలలో కూడా, శవాల మధ్య పదిహేను రోజులు పనిచేసి ఒళ్లంతా జ్వరంతో ఉన్న మనిషి, ఆ రాజమండ్రి ప్రయాణం మానలేదు.

డెబ్భై ఎనిమిది వేసవిలో ఒకనాడు వార్డరు లోపలికి రమ్మన్నాడు. ఊచల అవతల సంజీవరావు నిలబడి ఉన్నాడు. జుట్టు పలచబడింది. 

"అత్తా, ఆ రోజు ఆడు ఒక్క మాట అన్నాడు. కోర్టులో నువ్వూ అదే అన్నావు. ఏంటత్తా ఆ మాట? నాలుగేళ్లనుంచి అదే గుర్తొత్తంది."

"వాళ్లన్న చేతులు పట్టుకున్నావా అని అడగటానికొచ్చాడురా. అంతే. అడిగి వెళ్లిపోతానన్నాడు."

సంజీవరావు ఊచలు పట్టుకున్నాడు. మొహం వంకర్లు తిరిగిపోయింది. "పట్టుకున్నానత్తా" అన్నాడు. "అమ్మకి చెప్పలా. ప్లీడరుకి చెప్పలా. రెండు చేతులూ ఎనక్కి విరిచి పట్టుకున్నాను. పొడుత్తారని తెలీదు, కొడతారనుకున్నా. కత్తి దిగినాక కూడా వదల్లా. చేతులు బిగుసుకుపోయినయ్యి. ఆడు మెడ తిప్పి నా మొకంలోకి చూశాడత్తా."

శౌరమ్మ ఊచల సందులోంచి చెయ్యి పోనిచ్చి వాడి చెంప పగిలేటట్టు కొట్టింది. వార్డరు పరుగెత్తుకొచ్చాడు. "ఆగు బాబూ, మా ఇంటి సంగతి" అని వాణ్ణి ఆపేసింది. ఆవిడ కళ్లలోంచి నీళ్లు ధారగా కారిపోతున్నాయి.

"ఇప్పుడు చెప్పు."

"చెప్పాగా అత్తా."

"నాకు కాదురా. బస్సెక్కి అడగటానికొచ్చింది వాడు. వాడికి చెప్పు."

"ఆడు లేడుగా."

"లేడు. నేనూ నువ్వూ కలిసి లేకుండా చేశాం. వాడికి ఆ మాట చేరెయ్యాలంటే దేవుడు తప్ప ఇంకెవరున్నారురా మనకి? మోకాళ్లెయ్యి."

సంజీవరావు మోకాళ్లూనాడు. ఇవతల శౌరమ్మ కూడా ఆ సిమెంటు నేల మీద మోకాళ్లూనింది. ఎప్పట్లా తను మొదలుపెట్టలేదు. నోరు గట్టిగా మూసుకుని వాడి కోసం ఆగింది.  వాడు "కాశీరావూ" అన్నాడు. కాసేపు వెక్కివెక్కి ఏడ్చి, "అవును, పట్టుకున్నాను" అని చెప్పాడు.